బావ ఏమీ తినలేదు

"అతిగా తిని చచ్చిపోయాడు" అన్నాడు చీఫ్.

మరుక్షణం బల్ల మీద ఉన్న గాజుగ్లాసు వెళ్ళి గోడకు తగిలి ముక్కలైంది. విసిరినవాడి అసలు పేరు డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో ఎక్కడా ఉండదు. కోడ్‌నేమ్ మాత్రం ఉంది. మిరపకాయ. ఎవడు పెట్టాడో గానీ, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పెట్టి ఉంటాడు.

"కోపం తగ్గాక చెప్పు. మిగతాది చదువుతాను" అన్నాడు చీఫ్, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటూ.

"తగ్గదు. చదవండి."

"ఓడ డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ ఇది. విందులో మితిమీరి తిన్నాడు, గుండె ఆగిపోయింది, శవాన్ని సముద్రంలోనే కలిపేశారు. మన ఏజెంట్ నెమలి కూడా కళ్ళారా చూశానని రిపోర్ట్ పంపింది. విహారయాత్రలో ఉన్నట్టు నటించమంటే, మనవాడు నిజంగానే విహారయాత్ర చేశాడేమో!"

మిరపకాయ రెండో గ్లాసు కోసం చూశాడు. చీఫ్ దాన్ని ముందే సొరుగులో పెట్టేశాడు.

చనిపోయిన ఏజెంట్ మిరపకాయకు స్వయానా బావ, అక్క మొగుడు. షుగర్ జబ్బు మనిషి. పెళ్ళి విందుకు వెళ్ళినా ఇంటి నుంచి ఉడకబెట్టిన కూరగాయలు డబ్బాలో పట్టుకెళ్ళి, పందిట్లో ఓ మూల కూర్చుని నిశ్శబ్దంగా నమిలేవాడు. అలాంటి మనిషి విలాసనౌకలో కేకులు మెక్కి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడట! పేపర్‌వాడు దానికి 'తిండికి పోయి తిరిగిరాని లోకానికి' అని హెడ్డింగ్ కూడా పెట్టాడు. ఆ హెడ్డింగ్ పెట్టినవాడి నోట్లో మట్టి కొట్టాలనిపించింది మిరపకాయకు.

ఆ పొద్దున్నే అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క ఏడవడం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"మెట్ల మీద కనిపించిన ప్రతివాళ్ళూ ఒకటే మాటరా. పాపం నోరు కట్టుకోలేకపోయాడట కదా అని. మనిషి పోయిన దుఃఖం ఒక ఎత్తు. తిండిపోతు పెళ్ళాన్నన్న పేరు ఇంకో ఎత్తు. ఆయన తినలేదు. ఇన్నేళ్ళు వండిపెట్టినదాన్ని, నాకు తెలియదా? అదేదో తేల్చుకుని రా. తేల్చకపోతే నా గుమ్మం తొక్కకు" అంది.

అక్క అన్న మాట అంటే అన్నట్టే. చిన్నప్పుడు గాలిపటం చింపాడని నెలరోజులు మాట్లాడలేదు.

"అదే ఓడ మళ్ళీ బయలుదేరుతోంది" అన్నాడు చీఫ్, మ్యాప్ పరుస్తూ. "ఈసారి అందులో మన ప్రొఫెసరమ్మ ఉంది. శత్రు సబ్‌మెరైన్లు నీళ్ళ అడుగున ఎక్కడున్నా పసిగట్టే యంత్రం కనిపెట్టిన మనిషి. ఆవిడకి లక్కీ డ్రాలో ఫ్రీ టికెట్ వచ్చిందట."

"డ్రా తీసిందెవరు?"

"ఏదో ట్రావెల్ కంపెనీ. ఆరా తీస్తే అలాంటి కంపెనీయే లేదు. నల్లతెర ముఠా పని. యంత్రం రహస్యం కాగితం మీద లేదు, ఆవిడ బుర్రలో ఉంది. కాబట్టి ఆ బుర్రనే ఎత్తుకుపోతారు."

"ఆవిడ్ని ఇంటి దగ్గరే ఆపొచ్చుగా?"

"ఆపితే ముఠా చేజారుతుంది."

"అంటే ముసలావిడని ఎర వేస్తున్నారు!"

"గాలం నువ్వు ఉన్నావుగా" అన్నాడు చీఫ్. "నీ కవర్ వినుకో. నువ్వు మిరియాల టోకు వ్యాపారివి. పెద్ద తిండిపోతువి. నీ పనల్లా తినడం, తాగడం, ఎండలో పడుకోవడం, మళ్ళీ తినడం. అది ఆర్డర్."

మిరపకాయ పళ్ళు పటపటలాడించాడు. బావని ఏ మాటతో అవమానించారో, ఆ వేషమే తనకు వేస్తున్నారు.

టెక్నికల్ సెక్షన్‌వాడు సరంజామా అందించాడు. మత్తుమందు తగిలితే నీలంగా మారే చెంచా. మాటలు రికార్డ్ చేసే కోటు బొత్తాం. నడుముకు కట్టుకునే రబ్బరు బొజ్జ. ఆ బొజ్జలో ట్రాన్స్‌మిటర్ ఉంది.

"బొజ్జ తట్టి మాట్లాడాలి సార్. నవ్వుతూ తట్టితే సహజంగా ఉంటుంది" అన్నాడు టెక్నికల్‌వాడు.

మిరపకాయ నవ్వలేదు.

*

ఓడ కాదది, నీళ్ళ మీద తేలే భోజనశాల. పై అంతస్తులో టిఫిన్లు, కింది అంతస్తులో భోజనాలు, మధ్యలో ఆకలి వేయకపోయినా తినడానికి ఇంకో హాలు. మంచుతో చెక్కిన హంస చుట్టూ రొయ్యలు. మనిషెత్తు చాక్లెట్ ఫౌంటెన్. దాని కింద చేతులు చాచి నిలబడ్డ పెద్దమనుషులు. ఈతకొలనులో మెడ దాకా మునిగి ఐస్‌క్రీమ్ తింటున్నవాళ్ళు కొందరు, తిన్నది అరగడానికి ఒళ్ళు పట్టించుకుంటూ తర్వాతి భోజనంలో ఏముందని అడుగుతున్నవాళ్ళు కొందరు. డబ్బు పెట్టి అలసిపోవడం అంటే ఇదే.

మిరపకాయ తిన్నాడు. కోపంతో తిన్నాడు. మాంసం ముక్కని పొడిచిన తీరు చూసి పక్కబల్లవాళ్ళు కుర్చీలు జరుపుకున్నారు. ప్రతి ముద్దకీ బావ గుర్తొచ్చాడు. ఈ హాలులోనే ఏదో ఒక కుర్చీలో బావ కూర్చుని ఉంటాడు. అది తలచుకోగానే నోట్లో ఉన్న కేకు మట్టిబెడ్డలా తగిలింది. సర్వర్ వంగి "ఇంకొంచెం సార్?" అన్నాడు. పీక పిసకాలనిపించింది. పెట్టమన్నాడు. ఆర్డర్ ఆర్డరే కదా!

"ఈ సముద్రానికి ఇంత ఉప్పు ఎవరు వేశారో!" అన్న గొంతు వెనక నుంచి వినిపించింది.

"తీపి తినలేనివాళ్ళు" అన్నాడు తిరక్కుండానే. కోడ్ కలిసింది.

నెమలి. ఓడలో హోస్టెస్, గాయని, మన ఏజెంట్. నీలం గౌను, పొడుగు మెడ. నడుస్తుంటే హాలంతా చెంచాలు ఆగిపోతాయి. అందంకన్నా అతన్ని ఆశ్చర్యపరచింది ఆమె తెలుగు. ఒక్క ఒత్తు జారదు, ఒక్క అక్షరం తొణకదు. విదేశంలో పుట్టినా, అమ్మమ్మ వంటింట్లోనే పెరిగానని చెప్పింది.

"మీ బావగారి విషయంలో నా తప్పే ఉందండీ. నా కళ్ళముందే ట్రేకి ట్రే ఖాళీ చేశారు. వద్దని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నారు" అంటూ కళ్ళు తుడుచుకుంది.

మిరపకాయ కేకు ప్లేటు పక్కకు నెట్టాడు. ఇంతమంది చెబుతున్నారు, నిజంగానే బావ నోరు కట్టుకోలేకపోయాడా? ఒక్క క్షణం నమ్మాడు. నమ్మినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

మర్నాడు అతని గదిలో కాఫీ కలుపుకుంటున్నారు ఇద్దరూ. నెమలి గిన్నె మూత వైపు చెయ్యి చాచబోయింది.

"ఆగండి, పంచదార నిండుకుంది" అన్నాడతను యథాలాపంగా.

"అయితే మొహమాటం దేనికి? నాకు రెండు చెంచాలు వెయ్యండి" అంది నెమలి చక్కగా నవ్వుతూ.

మిరపకాయ చేతిలో కప్పు ఆగిపోయింది.

తెలుగు వంటింట్లో బియ్యం డబ్బా అడుగు కనబడితే ఏ ఇల్లాలూ అయిపోయాయని అనదు. ఆ మాట అంటే నిజంగానే లేమి వస్తుందని భయం. నిండుకున్నాయి అంటుంది. ఖాళీ అయినదాన్ని నిండిందని చెప్పడం ఏ నిఘంటువు చూసినా అబ్బదు, పొయ్యి పక్కన పెరిగితేనే అబ్బుతుంది. అమ్మమ్మ వంటింట్లో పెరిగిన పిల్లకి ఈ మాట తెలియదంటే, ఆ అమ్మమ్మే లేదు. ఆ వంటిల్లూ లేదు. అమ్మమ్మ అబద్ధమైతే, ట్రేకి ట్రే ఖాళీ చేసిన బావ మాటో?

"దీనికి చీమలు పట్టినట్టున్నాయి, వేరేది తెప్పిస్తాను" అన్నాడు ముఖం మామూలుగా పెట్టి. అతని జీవితంలో ముఖం మామూలుగా పెట్టడం అంత కష్టం ఎప్పుడూ కాలేదు.

ఆ సాయంత్రం ఆమె వెనకాలే నడిచాడు. ఆమె తిన్నగా ఓడ డాక్టర్ గదిలోకి వెళ్ళింది. తలుపు సందున కోటు బొత్తాం పెట్టి, తను చెవి ఆనించాడు. లోపల మాట్లాడుతున్నది పరాయి భాష. అది అతనికి వచ్చు.

"రేపు మధ్యాహ్నం వీడ్కోలు విందు" అంటున్నాడు డాక్టర్. "చివర్లో ముసలిదానికి ఐస్‌క్రీమ్. నాడి ఆగినట్టు పడిపోతుంది. నేను చచ్చిపోయిందని రాసిస్తాను. శవం పేరుతో పడవలో దింపి, నువ్వు చేపల పడవ దగ్గరికి తీసుకెళ్ళు. బాస్ అక్కడే ఉంటాడు. ఆ మిరియాలవాడి సంగతేమిటి?"

"వాడి బొజ్జ ట్రాన్స్‌మిటర్‌లో ప్రతి మాటా నాకు వినిపిస్తూనే ఉంది. భయం లేదు. వాడికి ప్లేటు తప్ప లోకం లేదు."

మిరపకాయ పిడికిలి తలుపు దాకా వెళ్ళి ఆగింది. ఇప్పుడు పట్టుకుంటే ఈ ఇద్దరే. చేపల పడవలో ఉన్న ముఠా నాయకుడు తప్పించుకుంటాడు. ప్రొఫెసరమ్మ కాకపోతే ఇంకొకరికి లక్కీ డ్రా తగులుతుంది. కోపం మింగడం అతనికి కొత్త. గొంతు దిగనని మొరాయించినా మింగాడు.

ఆమె వినకుండా బొజ్జ విప్పి తన గదిలో పడేసి, ఓడ టెలిగ్రాఫ్ గదికి వెళ్ళి 'మిరియాల ధర పెరిగింది, రేపు మధ్యాహ్నానికి సరుకు పంపండి' అని కొట్టించాడు. చీఫ్‌కి అర్థమవుతుంది. నేవీ వస్తుంది. తర్వాత లైఫ్‌బోట్లు చూసుకునే మెకానిక్ దగ్గరికి దిగాడు. డిపార్ట్‌మెంట్ ఆ ఓడలో పెట్టిన రెండో మనిషి అతను.

"అయిదో బోటులో డీజిల్ తోడెయ్. ఇంజన్ స్టార్టయ్యి కాస్త దూరం వెళ్ళేంత ఉంచు చాలు. తోడేశాక ఆ సంగతి ట్రాన్స్‌మిటర్‌లో చెప్పు."

"ఆవిడ వింటోందంటున్నారు కదా సార్! వింటే ఆ బోటు ఎందుకు ఎక్కుతుంది?"

"ఇంట్లో బియ్యం అయిపోతే మీ ఆవిడ ఏమంటుంది?"

మెకానిక్ ఒక్క క్షణం బుర్ర గోక్కున్నాడు. తర్వాత అతని మీసాల కింద పళ్ళన్నీ బయటపడ్డాయి.

*

వీడ్కోలు విందు. ఎండ కళ్ళు చెదిరేలా ఉంది. బ్యాండ్ మోగుతోంది. ప్రొఫెసరమ్మ పట్టుచీర కట్టుకుని, ఒంటరిగా ఒక బల్ల దగ్గర చిన్నపిల్లలా కూర్చుంది. మిరపకాయ వెళ్ళి పక్క కుర్చీ లాక్కున్నాడు.

"బాబూ, నా జీవితంలో మొదటి సెలవు ఇది" అందావిడ. "ల్యాబ్‌లో కూర్చుని కూర్చుని మూడు పూటలూ బ్రెడ్ తిని బతికాను. ఇక్కడికొచ్చాక తెలిసింది, నాకు నాలుక కూడా ఉందని!"

అతనికి జాలి వేసింది. అంతలోనే మళ్ళీ కోపమొచ్చింది. పాపం, ఈమె ఒక్క సుఖం కోరుకుంది, దానిలోనే వలపన్నారు.

బొజ్జలోంచి మెకానిక్ గొంతు వినబడింది. "సార్, అయిదో బోటులో డీజిల్ నిండుకుంది. మిగతావాటి సంగతి ఇంకా చూడలేదు."

"సరే" అన్నాడు మిరపకాయ బొజ్జ తడుతూ. వేదిక మీద పాడుతున్న నెమలి ఒక్క క్షణం చెవి రింగు సవరించుకుంది. పాట మాత్రం ఆగలేదు.

ఐస్‌క్రీమ్ రావలసింది చివర్లో. ఇంకా సూపే పూర్తి కాలేదు. ఈలోపు డాక్టరే స్వయంగా వెండి గిన్నె పట్టుకుని వచ్చాడు.

"మా ప్రత్యేక అతిథికి ముందే తీపి!" అన్నాడు ఇకిలిస్తూ.

నేవీ జాడ ఇంకా లేదు. ప్రొఫెసరమ్మ అప్పుడే చెంచా నింపింది. పెదాల దాకా తీసుకెళ్ళింది. మిరపకాయ తన చెంచా గిన్నెలో గుచ్చి తీశాడు. నీలం!

ఒక్క దెబ్బకు ఆవిడ చేతిలోని చెంచా ఎగిరి చాక్లెట్ ఫౌంటెన్‌లో పడింది.

"ఛీ, ముసలావిడ ఐస్‌క్రీమ్ కూడా వదల్లేదు, తిండిపోతు వెధవ!" అని ఎవరో అరిచారు.

డాక్టర్ చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది. బయటికి రాకముందే సూప్ గిన్నె మొత్తం అతని నెత్తిన బోర్లా పడింది. వేడి సూపే. మిరపకాయ ఆ సంగతి చూసుకునే విసిరాడు. అయితే వెనక్కి తిరిగేసరికి వేదిక ఖాళీ. నెమలి ప్రొఫెసరమ్మ కణతకు పిస్తోలు ఆనించి తలుపు వైపు లాక్కుపోతోంది.

"కదిలితే ఆ బుర్రలో ఉన్నదంతా ఈ గోడమీద ఉంటుంది" అంది. ఇప్పటికీ ఒక్క ఒత్తు జారలేదు.

బోట్లు వరుసగా ఉన్నాయి. మొదటిది వదిలేసింది. రెండోది, మూడోది, నాలుగోది చూడనైనా చూడలేదు. తిన్నగా అయిదోదాన్లో ముసలావిడని తోసి, తనూ దూకి, గొలుసు లాగింది. బోటు ధబ్బున నీళ్ళలో పడింది. ఇంజన్ గర్జించింది. దూరంగా చేపల పడవ కదిలి, ఎదురు రావడం మొదలుపెట్టింది. మిరపకాయ, మెకానిక్ రెండో బోటు దింపుకునేలోపే ఆమె చాలా దూరం వెళ్ళిపోయింది.

గర్జన దగ్గుగా మారింది. దగ్గు ఎక్కిళ్ళుగా మారింది. ఆ తర్వాత అలల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ప్రొఫెసరమ్మ ఈ సందు చూసి, పట్టుచీర కొంగు నెమలి ముఖాన కప్పేసి, పిస్తోలు చేతిని రెండు చేతులా పట్టుకుని కొరికింది. పిస్తోలు నీళ్ళపాలైంది. నేవీ హెలికాప్టర్లు అప్పుడొచ్చాయి, సినిమాల్లో పోలీసుల్లాగా, పని సగం అయ్యాక. వాటిని చూసి వెనక్కి తిరిగిన చేపల పడవని నాయకుడితో సహా చుట్టుముట్టాయి.

మిరపకాయ అయిదో బోటులోకి దూకాడు. నెమలి ముఖంలో ఓటమికన్నా అయోమయమే ఎక్కువగా ఉంది.

"డీజిల్ నిండుకుందన్నారు కదా!"

"అవును. నిండుకుంది కాబట్టే ఆగింది."

"నిండడం అంటే..."

"ఆ మాట నేర్పడానికి నీకు అమ్మమ్మ లేదు. ఇప్పుడు నేనడిగిందానికి చెప్పు. మా బావ ఏం తిన్నాడు?" మాటలు రికార్డ్ చేసే కోటు బొత్తాం తీసి ఆమె ముందు పెట్టాడు.

నెమలి తల పక్కకి తిప్పుకుంది. "ఏమీ తినలేదు. అతను ఏజెంటని మీ చీఫ్ నాకు చెప్పలేదు, తినకపోవడమే మాకు అనుమానం తెప్పించింది. ఇలాంటి ఓడెక్కి మంచినీళ్ళతో కూర్చునేవాడు గూఢచారి కాక ఇంకెవరు? రోజూ ఏదో ఒకటి పెట్టించాను. బతిమాలాను. చెంచా ముట్టలేదు. ఐస్‌క్రీమ్‌లో పెట్టాల్సిన మందు చివరికి సూదితో ఎక్కించాల్సి వచ్చింది. డాక్టర్ మోతాదు ఎక్కువ వేశాడు."

అతని చెయ్యి పైకి లేచింది. మనసులో ఎన్నిసార్లు లేచిందో ఆ చెయ్యి! ప్రొఫెసరమ్మ దాన్ని పట్టుకుంది.

"వద్దు బాబూ. ఆ బొత్తాంలో పడిందిగా మాట. అది చాలు."

చెయ్యి దించాడు. కూర్చున్నాడు. రబ్బరు బొజ్జ మీద తల ఆనించుకుని, ఓడెక్కినప్పటి నుంచి ఆపుకున్న ఏడుపంతా ఏడ్చాడు. మెకానిక్ అటు తిరిగి ఇంజన్ చూస్తున్నట్టు నటించాడు.

*

"సూపర్!" అన్నాడు చీఫ్. "ముఠా మొత్తం లోపల. ప్రొఫెసరమ్మ క్షేమం. కాకపోతే కేసు టాప్ సీక్రెట్. మీ బావ సంగతి బయటికి చెప్పడానికి వీల్లేదు. నీ బాధ అర్థమైంది కాబట్టి పేపర్లో సవరణ వేయించాను. చదువు."

మిరపకాయ చదివాడు. ఓడలో కల్తీ ఆహారం వడ్డించారనీ, గతంలో ఒక ప్రయాణికుడి మృతికి కారణం కూడా ఆ కల్తీ ఆహారమేననీ ఉంది. సొరుగు వైపు చూశాడు. గ్లాసులన్నీ స్టీల్‌వి పెట్టించాడు చీఫ్.

అక్క గుమ్మం బయటే నిలబడి ఉంది, చేతిలో అదే పేపర్‌తో.

"ఇదేనా నువ్వు తేల్చుకొచ్చింది? కల్తీది తిన్నాడని రాశారు. తిన్నాడనే కదరా రాశారు!"

మిరపకాయ అటూ ఇటూ చూశాడు. పైమెట్టు మీద ఇద్దరు ఆడవాళ్ళు, కిందిమెట్టు మీద పాలవాడు, తలుపు సందుల్లో నాలుగు తలకాయలు. టాప్ సీక్రెట్ అన్న మాట చెవిలో మోగింది. మోగనీ అనుకున్నాడు.

కోటు బొత్తాం తీసి నొక్కాడు. "ఏమీ తినలేదు" అన్న గొంతు మెట్లన్నీ ఎక్కి దిగింది. "బతిమాలాను. చెంచా ముట్టలేదు."

అక్క ఆ బొత్తాన్ని అతని చేతిలోంచి తీసుకుంది. మళ్ళీ నొక్కింది. ఆ ఒక్క ముక్కే రెండుసార్లు విన్నది. ఆమె కళ్ళలో అప్పటికి గానీ నీళ్ళు రాలేదు.

"విన్నారా?" అంది మెట్ల వైపు చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఒరేయ్, లోపలికి రా."

రాత్రి కాకముందే ఫోన్ మోగింది. రిసీవర్ చెవికి దూరంగా పెట్టుకున్నా చీఫ్ అరుపు వంటింటి దాకా వినిపించింది. రహస్యం మెట్లపాలు చేసినందుకు ఆరు నెలలు సస్పెన్షన్.

"సరే సార్. ఈ ఆరు నెలలూ నేనేం చెయ్యాలి?"

"ముందు ఆ కోపం తగ్గించుకో" అన్నాడు చీఫ్. "ఏదైనా మంచి ఓడెక్కి, హాయిగా తిని రా."